కుక్కర్ కూతకు చెవులు మూసుకునే పిల్లలు

మా చిన్నోడికి నాలుగేళ్లప్పుడు కుక్కర్ కూత వినపడితే రెండు చెవులూ మూసుకుని మంచం కిందికి దూరేవాడు. చొక్కా మెడ వెనక కుట్టే లేబుల్ గీసుకుంటే బట్టలన్నీ విప్పి పారేసేవాడు. పెరుగన్నం చేతికంటితే చాలు, వాంతి. మేముండేది పటాన్‌చెరులో, ముంబై హైవే పక్కన. రాత్రీ పగలూ లారీల హారన్లు, షిఫ్టు మారినప్పుడల్లా సైరన్. ఇక వాడి అవస్థ ఊహించుకోండి. "గారాబం ఎక్కువైంది, రెండు తగిలిస్తే అన్నీ పోతయ్" అనేది అత్తమ్మ. ఒక పెళ్లిలో బ్యాండు మోతకు వాడు కింద పడి దొర్లుతుంటే, అందరూ చూస్తున్నారని నేనూ తగిలించాను. మోత ఆగింది, వాడి ఏడుపు ఆగలేదు.

తర్వాత డాక్టరమ్మ ఆక్యుపేషనల్ థెరపీ చేయించమంది. ఆక్యుపేషన్ అంటే ఉద్యోగం కదా, ఈ పిల్లోడికి ఉద్యోగమేంటి అనుకున్నాను. తెలుగు బీఏ చదివినదాన్ని, మాట అర్థం దగ్గరే ఆగిపోతాను. తినడం, ఆడుకోవడం, బట్టలేసుకోవడం, బడిలో కూర్చోవడం, పిల్లల ఉద్యోగాలు ఇవేనట. అమెరికాలో జీన్ ఏయర్స్ అనే థెరపిస్టు 1972లో దీని మీద పుస్తకం రాసింది. చూపు, వినికిడి, స్పర్శతో పాటు ఒళ్లు ఎటు వాలిందో, కాలు ఎక్కడుందో చెప్పే సంకేతాలు కూడా మెదడులో సరిగ్గా కలవకపోతే పిల్లలకు కష్టమని ఆమె వాదన.

మాకు చెప్పిన పనులు వింటే నవ్వొస్తుంది. చపాతీ పిండి పిసికించడం, సగం నిండిన బకెట్ మోయించడం, బొంతలో చుట్టి దొర్లించడం, ఉయ్యాల. ఉయ్యాలకు కొక్కెం కొట్టడానికి ఇంటి ఓనరు ఒప్పుకోలేదు, అది వేరే కథ.

అయితే కళ్లు మూసుకుని డబ్బులు కట్టొద్దంటాను. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘమే 2012లో, ఈ ఇంద్రియాల ఇబ్బందిని విడి జబ్బుగా తేల్చెయ్యొద్దనీ, ఆటిజం లాంటివి ఉన్నాయేమో ముందు చూడాలనీ, ఈ థెరపీకి రుజువులు ఇంకా తక్కువని తల్లిదండ్రులకు చెప్పాలనీ రాసింది. కాబట్టి బరువు జాకెట్లు, బ్రష్‌లు కొనమంటే ఆగండి. మూడు నెలలకోసారి, అన్నంలో ఏం మారింది, నిద్రలో ఏం మారింది అని అడగండి. అడిగితే విసుక్కునే చోట ఉండకండి.

నాకు కోపమొచ్చేది దూరం మీద. సికింద్రాబాద్‌లో 1984 నుంచీ జాతీయ సంస్థ ఉంది, ఇప్పుడు దాని పేరు ఎన్‌ఐఈపీఐడీ. అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లల్ని పరీక్షించి జిల్లా కేంద్రానికి పంపాలని 2013లో పథకమూ వచ్చింది. కానీ మా ఎదురింటామె పాశమైలారంలో కాంట్రాక్టు పని చేస్తుంది. ఆమె పాపకూ ఇదే బాధ. "అక్కా, వారానికి రెండుసార్లు తీస్కపోతే నాకు పని ఉంటదా?" అంది. ఏం చెప్పను?

పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలని 2013 చట్టంలో ఉంది. బడి గోడలకు రంగులు చాలు, ఇక ఆ డబ్బుతో ఇక్కడే ఒక గది, ఒక థెరపిస్టు పెట్టమనండి. సాయంత్రాలూ ఆదివారాలూ తెరిచి ఉండాలి, ఎందుకంటే తల్లులకు వీలయ్యేది అప్పుడే.

ప్రస్తుతానికి ఆదివారం పొద్దున ఆ పాప మా ఇంటికొస్తుంది. మావాడూ తనూ కలిసి పిండి పిసుకుతారు. కుక్కర్ పెట్టే ముందు నేను చెప్తాను, ఇద్దరూ బాల్కనీలోకి వెళ్తారు. ఆ పాపను చూసి చెప్పాల్సిన మనిషి మాత్రం ఇంకా దొరకలేదు.