బరువు తగ్గింది... జడా తగ్గింది!

మాఘమాసంలో పెళ్ళి. కార్తీకం నుంచే అమ్మాయి అన్నం మానేసింది. పొద్దున గోరువెచ్చని నీళ్ళలో నిమ్మకాయ, మధ్యాహ్నం నాలుగు కీరదోస ముక్కలు, రాత్రికి ఓ గ్లాసు మజ్జిగ. పుష్యం వచ్చేసరికి ఎనిమిది కిలోలు తగ్గింది. జాకెట్లు వదులయ్యాయి. చూసినవాళ్ళంతా "ఎంత నాజూగ్గా తయారయ్యావే!" అని మెచ్చుకున్నారు. తీరా పెళ్ళి పది రోజులుందనగా తలంటి పోసుకుంటే స్నానాల గది తూము నిండా వెంట్రుకలు! జడ పట్టుకుంటే సగానికి సగం. పూలజడ వేసే ఆవిడ ఒక్కసారి తల నిమిరి చూసి, "సవరం పెట్టందే నిలవదమ్మా" అనేసింది.

సీతారామపురమనుకోండి, ఉదయగిరి అనుకోండి, ఆత్మకూరు అనుకోండి... ఇలాంటి అమ్మాయి వీధికొకరు కనిపిస్తుంది. ఇక ఆ ఇంట్లో పంచాయితీ మొదలవుతుంది. అవ్వ దిష్టి తగిలిందంటుంది. అమ్మ కొత్త షాంపూ మీద నెపం వేస్తుంది. మేనత్తేమో "ఈ బోరు నీళ్ళతో జుట్టు నిలుస్తుందా?" అంటుంది. కార్తీకం మాట మాత్రం ఎవరూ ఎత్తరు. చిక్కంతా అక్కడే ఉంది. ఈవేళ దువ్వెనకు వచ్చిన వెంట్రుక, రెండు మూడు నెలల కిందట మానేసిన ముద్దకు లెక్క చెబుతుంది. మనమేమో ఈ వారం పూసిన నూనెలో తప్పు వెతుకుతాం.

అదెలాగో చూద్దాం. మన తలమీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కో వెంట్రుక రెండేళ్ళ నుంచి ఆరేళ్ళ దాకా పెరుగుతుంది. తర్వాత ఓ మూడు నెలలు విశ్రాంతి తీసుకుని రాలిపోతుంది. దాని చోట మరొకటి మొలుస్తుంది. ఏ రోజు చూసినా నూటికి ఎనభై అయిదు, తొంభై వెంట్రుకలు పెరుగుతూనే ఉంటాయి. రోజుకు యాభై నుంచి వంద దాకా రాలడం మామూలే, దానికి బెంగ అక్కర్లేదు.

ఇప్పుడు ఇంట్లో రాబడి ఉన్నట్టుండి సగమైందనుకోండి. ముందు ఏం మానేస్తాం? బియ్యం మానం, పిల్లల ఫీజు మానం. పండక్కి కొనే కొత్త చీర మానేస్తాం. ఒంటి తీరూ అంతే. గుండెకు, మెదడుకు, కాలేయానికి సరిపెట్టాక మిగిలితేనే జుట్టుకు. తిండి ఒక్కసారిగా పడిపోతే, ఇంకా పెరగాల్సిన వెంట్రుకలు కూడా గంపగుత్తగా విశ్రాంతిలోకి వెళ్ళిపోతాయి. అయితే వెంటనే రాలవు. రెండు మూడు నెలలు తలమీదే నిక్షేపంగా ఉండి, అప్పుడు కుచ్చులు కుచ్చులుగా వచ్చేస్తాయి. కార్తీకంలో చేసిన పని మాఘంలో బయటపడేది ఇందుకే. ఇలా రాలడానికి ఆల్బర్ట్ క్లిగ్మన్ అనే అమెరికా చర్మవైద్యుడు 1961లో 'టెలోజెన్ ఎఫ్లూవియం' అని పేరు పెట్టాడు. అదే దేశంలో 1976లో ఇద్దరు వైద్యులు, కఠినమైన డైటింగ్‌తో పన్నెండు నుంచి ఇరవై నాలుగు కిలోల దాకా తగ్గిన తొమ్మిది మంది సంగతి రాశారు. డైటింగ్ మొదలుపెట్టిన రెండు నుంచి అయిదు నెలల్లో అందరికీ జుట్టు విపరీతంగా రాలింది. అంటే ఇది కొత్త రోగమేం కాదు. మన ఇళ్ళ దాకా రావడమే కొత్త.

మన ఇళ్ళ దాకా ఎందుకొచ్చిందో కూడా చెప్పుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ స్త్రీలలో 36.3 శాతం మంది ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువున్నారు. బరువు తగ్గాలనుకోవడం తప్పు కాదన్నమాట. షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పులు తగ్గాలంటే చాలామందికి అది అవసరం కూడా. కానీ అదే సర్వేలో ఇంకో అంకె ఉంది. అదే వయసు స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత! ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. లావుగా ఉన్నామంటే పుష్టిగా ఉన్నామని కాదు. ఒంట్లో కొవ్వు నిండుగా, ఇనుము ఖాళీగా ఉన్న ఆడవాళ్ళు మనలో బోలెడు మంది. ఆ ఖాళీ ఒంటి మీదే డైటింగ్ మొదలుపెడుతున్నాం. ఇనుము తక్కువైన ప్రతివారికీ జుట్టు రాలుతుందని కాదుగానీ, అసలే అరకొర నిల్వలున్నచోట తిండి కోత పెడితే దెబ్బ గట్టిగానే తగులుతుంది.

ఈ పడమటి మెట్ట మండలాల్లో సంగతి ఇంకాస్త చెప్పాలి. పెద్దవాళ్ళనడగండి, సజ్జ రొట్టె, జొన్న సంకటి, ఉలవచారు కథలు కథలుగా చెబుతారు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక ఆకలి తీరింది, కాదనలేం. దాంతోపాటు పళ్ళెం తెల్లబడింది. ఇప్పుడు మన పళ్ళెంలో అన్నమే అన్నీ. పప్పు తిన్నా, కూర తిన్నా, గుడ్డు పులుసు తిన్నా అన్నంలో కలుపుకునే తింటాం. గిన్నెడు పప్పు విడిగా తినే అలవాటు మనకు లేదు. అందుకని "అన్నం మానేయ్" అన్న సలహా వినగానే అన్నంతోపాటు పప్పూ పోతుంది, గుడ్డూ పోతుంది. మిగిలేది నిమ్మకాయ నీళ్ళు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 55 కిలోల స్త్రీకి రోజుకు దాదాపు 46 గ్రాముల మాంసకృత్తులు, 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. మగవాళ్ళకు ఇనుము 19 మిల్లీగ్రాములు చాలు. మన పెళ్ళికూతురి కీరదోస, మజ్జిగల్లో మాంసకృత్తులు పట్టుమని పది గ్రాములు కూడా రావు. వెంట్రుక తయారయ్యేదేమో మాంసకృత్తితోనే!

డైటింగ్‌లో మన తెలుగువాళ్ళు చూడనిది లేదు. మంతెన సత్యనారాయణరాజు గారు ఉప్పు, నూనె లేని తిండి అన్నారు. మొలకలు నానబెట్టాం. వీరమాచనేని రామకృష్ణ గారు వచ్చి రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొబ్బరినూనె తీసుకోమన్నారు. 2018 ప్రాంతంలో ఊరూరా అదే మాట. ఒకరు నూనె చుక్క వద్దంటే, ఇంకొకరు నూనే తాగమన్నారు. మన ఇళ్ళలో రెండూ చేసిన అక్కలున్నారు! ఏ పద్ధతి గొప్పదన్న తగువు ఇక్కడ పెట్టుకోవడం లేదు. ఏ పద్ధతిలోనైనా బరువు మరీ వేగంగా పడిపోయినా, మాంసకృత్తులు తగ్గినా జుట్టు తన బాకీ వసూలు చేసుకుంటుంది.

ఇప్పుడు సూదుల వంతు. టిర్జెపటైడ్ మందు 'మౌంజారో' పేరుతో 2025 మార్చిలో, సెమాగ్లూటైడ్ 'వెగోవి' పేరుతో అదే ఏడాది జూన్‌లో మన దేశంలో అమ్మకానికొచ్చాయి. సెమాగ్లూటైడ్ పేటెంటు గడువు ఇక్కడ 2026 మార్చి వరకే. పేటెంటు పోతే మందు చవకవుతుంది, చవకైతే పెద్ద ఊళ్ళ నుంచి చిన్న ఊళ్ళకు దిగుతుంది. వారానికొక సూది. ఆకలి చచ్చిపోతుంది, కిలోలు కిలోలు తగ్గుతారు. మంచిదే. అయితే టిర్జెపటైడ్ ప్రయోగాల్లో జుట్టు రాలుతోందన్నవారు స్త్రీలలో నూటికి ఏడుగురు, మగవాళ్ళలో రెండు వందలకు ఒక్కరు. ఉత్తుత్తి సూది తీసుకున్న స్త్రీలలో నూటికి ఒకరు పైచిలుకు. బరువు వేగంగా తగ్గడమే దీనికి ముఖ్య కారణమని భావిస్తున్నారు. డాక్టరు చీటీ లేకుండా, ఎవరో స్నేహితురాలు చెప్పిందని ఈ సూదులు వేసుకోవడం మాత్రం తగదు. ఆకలి లేదుగదా అని రెండు బిస్కెట్లతో రోజు గడిపేస్తే జడ సంగతి ఇక చెప్పనక్కర్లేదు.

జుట్టు రాలగానే లాభపడేది ఎవరు? అంగడి వాళ్ళు. ఉల్లిపాయ నూనె, బయోటిన్ బిళ్ళలు, గమ్మీలు... మామూలుగా తిండి తినేవారిలో బయోటిన్ లోపం అరుదు. పైగా ఆ బిళ్ళలు ఎక్కువ మోతాదులో వేసుకుంటే థైరాయిడ్ వంటి రక్తపరీక్షలు తప్పుగా రావచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2017లోనే హెచ్చరించింది. వేసుకుంటున్నట్టయితే పరీక్షకు ముందే డాక్టరుకు చెప్పండి. ఇక "ఒకసారి గుండు చేయించు, ఒత్తుగా వస్తుంది" అనే సలహా. దేవుడికి తలనీలాలు ఇచ్చుకోండి, అది మొక్కు. ఒత్తుదనం కోసమైతే వద్దు. కత్తి చర్మం పైనే ఆగుతుంది, కుదురు లోపలుంటుంది.

మరి చేయాల్సిందేమిటి? ముందు హిమోగ్లోబిన్ చూపించుకోండి. ఇది ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే అవుతుంది. ఇనుము నిల్వలు తెలిపే ఫెరిటిన్, థైరాయిడ్ పరీక్షలు అవసరమో లేదో డాక్టరునడగండి. ఉదయగిరి, ఆత్మకూరు మీదుగా నెల్లూరు వెళ్ళి చర్మవైద్యుణ్ణి చూడాలంటే ఒక రోజు పనే. అందుకని ఎప్పుడు తప్పనిసరో తెలిసి ఉండాలి. పేనుకొరుకుడులా గుండ్రంగా ఊడితే, పాపిడి నానాటికీ వెడల్పవుతుంటే, నెలసరి తప్పితే, ఆరు నెలలు దాటినా రాలడం ఆగకపోతే ఆలస్యం చేయకండి. టైఫాయిడ్, డెంగ్యూ వంటి జ్వరాల తర్వాత, కాన్పు తర్వాత కూడా ఇలాగే రాలుతుంది కాబట్టి, మూడు నెలల వెనక్కి వెళ్ళి ఏం జరిగిందో డాక్టరుకు చెప్పడం మంచిది.

పళ్ళెం విషయానికొస్తే, అన్నం పూర్తిగా మానక్కర్లేదు. సగం చేయండి, పప్పు రెండింతలు చేయండి. ఉలవలు, పెసలు, వేరుశెనగలు మన మెట్టలో పండేవే. గుడ్డు తినేవారికి రెండు గుడ్లు పన్నెండు గ్రాముల మాంసకృత్తులిస్తాయి. ఆకుకూర మీద నిమ్మరసం పిండుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనం కాగానే టీ తాగితే ఆ ఇనుము కాస్తా పోతుంది. వారానికి అరకిలో తగ్గడం క్షేమమని పోషకాహార సంస్థ మాట. ఎంత తగ్గాలనుకున్నా రోజుకు వెయ్యి కేలరీలకు దిగకూడదనీ చెబుతోంది. ఆ లెక్కన నెలకు రెండు కిలోలు. ఎనిమిది కిలోలు తగ్గాలంటే నాలుగు నెలలు. మాఘంలో పెళ్ళయితే ఆశ్వయుజంలో, దసరా పిండివంటల మధ్యనే మొదలుపెట్టాలి. కష్టమే మరి!

ఇప్పటికే రాలిపోయినవారికి ఒక మాట. కుదుళ్ళు చావలేదు. తిండి సరిచేసుకుంటే మూడు నుంచి ఆరు నెలల్లో రాలడం ఆగుతుంది. నుదుటి పైన, చెవుల దగ్గర పొట్టి పొట్టి వెంట్రుకలు నిక్కబొడుచుకుని కనిపిస్తాయి. అవి తెగిపోయిన వెంట్రుకలని నూనె రాసి అణగదొక్కకండి, కొత్తగా మొలిచినవి. నెలకొక సెంటీమీటరు చొప్పున పెరుగుతాయి గనుక ఏడాదికి అయిదంగుళాలు కూడా కావు. సవరం ఇంకొన్నాళ్ళు పెట్టెలోనే ఉంచండి, అవసరపడుతుంది.