పెరటి మిరపకు సొంత నారు

పెరటి మిరపకు విత్తనమే పునాది. కొన్న నారుకన్నా సొంత నారే మేలు. హైబ్రిడ్ కాయల గింజలు తల్లి గుణాన్ని నిలుపుకోవు కాబట్టి గుంటూరు లాం పరిశోధన స్థానం ఇచ్చిన ఎల్‌సీఏ-334 వంటి సూటి రకాన్నే ఎంచుకోవాలి. జులై, ఆగస్టుల్లో ఎత్తు మడి మీద పలచగా విత్తితే 8-10 రోజుల్లో మొలుస్తాయి. నీరు నిలిస్తే మొక్కలు మొదళ్ల దగ్గర మెత్తబడి వాలిపోతాయి, అదే నారుకుళ్లు. ఆరు వారాల నారును ఎండ తగిలే చోట నాటాలి. ఆకులు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి తొలి దశలోనే చల్లాలి. తెగులు సోకని మొక్క మీద పండిన కాయలను ఎండబెట్టి గింజలు దాచుకున్న ఇంటికి మరుసటి ఏడు విత్తనం కొనే పనే ఉండదు.