పురుషుల క్యాన్సర్‌పై పట్టింపేదీ?

ముప్పై ఏళ్లు దాటినవారికి సామూహిక క్యాన్సర్ పరీక్షలు జరపాలంటూ 2016లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు ఉన్నాయి. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు చోటు దక్కలేదు.

దీనికి కారణం లేకపోలేదు. పీఎస్‌ఏ రక్తపరీక్షలో సంఖ్య పెరిగినంత మాత్రాన క్యాన్సర్ అని తేల్చలేరు. గ్రంథి ఉబ్బినా, ఇన్ఫెక్షన్ సోకినా అది పెరుగుతుంది. ప్రాణాల మీదకు తేని నిదానపు కణితులూ బయటపడి అనవసర శస్త్రచికిత్సలకు, మూత్రంపై అదుపు తప్పే ఇక్కట్లకు దారితీస్తాయి. అమెరికా నిపుణుల బృందం 2012లో ఈ పరీక్షే వద్దంది. 2018లో వైఖరి సవరించుకుని, 55 నుంచి 69 ఏళ్లవారు వైద్యునితో చర్చించి నిర్ణయించుకోవాలని, 70 దాటితే అక్కర్లేదని సూచించింది.

మన పల్లెల్లో సమస్య అతి పరీక్షలు కాదు, అసలు అడిగేవారే లేకపోవడం. రాత్రి నాలుగుసార్లు లేవాల్సి వచ్చినా వృద్ధులు ‘వయసు మీదపడింది’ అని సరిపెట్టుకుంటారు. చాలామందిలో అది మామూలు గ్రంథి వాపే కావచ్చు. చిక్కేమిటంటే, తొలిదశ క్యాన్సర్ సాధారణంగా ఏ లక్షణమూ చూపదు. ఎముకలకు పాకి నడుంనొప్పి మొదలైతే నొప్పి మాత్రలతో నెలలు గడిచిపోతాయి. అప్పటికి వ్యాధిని అదుపులో ఉంచడమే తప్ప పూర్తిగా నయం చేయడం దాదాపు అసాధ్యం.

తండ్రికో, సోదరుడికో ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే ముప్పు సుమారు రెట్టింపు. అలాంటివారు 50 ఏళ్లకు ముందే వైద్యుణ్ని సంప్రదించాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో బీపీ, షుగర్ చూసేటప్పుడే కుటుంబ చరిత్ర, మూత్ర ఇబ్బందుల గురించి రెండు ప్రశ్నలు అడిగితే పరీక్ష ఎవరికి అవసరమో తెలుస్తుంది. దీనికి కొత్త యంత్రాలు, నిధులు అక్కర్లేదు.