విరిగిన మెడకి రంగు పూస్తారా?

పాత గిటార్లు అమ్మేవాళ్ళ నోట “ఆల్ ఒరిజినల్” అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

పన్నెండేళ్ళ క్రితం ఇక్కడ, అమెరికాలో, ఒక కొట్లో 1960ల నాటి ఎలక్ట్రిక్ గిటార్ కొన్నాను. మహోగని నెక్, చెర్రీ రంగు. రెండు చలికాలాలు గడిచాక తీగలు మారుస్తుంటే, నట్ వెనక, హెడ్‌స్టాక్ మొదలయ్యే చోట వెంట్రుకంత గీత కనబడింది. రిపేరు చేసే పెద్దాయన దాన్ని చీకటి గదిలో బ్లాక్ లైట్ కింద పెట్టాడు. పాత నైట్రోసెల్యులోజ్ లక్కర్ పసుపూ ఆకుపచ్చా కలిసినట్టు మెరిసింది. నెక్ వెనక అరచెయ్యి మేర మాత్రం మెరవలేదు. “విరిగితే ఎవరో అతికించి, రంగు కొట్టి మీకు అమ్మారు” అన్నాడాయన.

అతికించినందుకు నాకు కోపం లేదు. దాచినందుకు కోపం.

ఆ చోట విరగడం వింతేమీ కాదు. గిబ్సన్ తరహా గిటార్లలో నెక్, హెడ్‌స్టాక్ ఒకే మహోగని చెక్కలోంచి వస్తాయి. హెడ్‌స్టాక్ వెనక్కి 17 డిగ్రీలు వాలి ఉంటుంది (1960ల మధ్యలో 14కి తగ్గించారు, తర్వాత మళ్ళీ పాత వాలు తెచ్చారు). వాలిన చోట చెక్క నార అడ్డంగా తెగిపోతుంది. పైగా ట్రస్ రాడ్ బిగించే నట్ కోసం సరిగ్గా అక్కడే గొయ్యి తవ్వుతారు. ఆరు తీగలూ కలిసి సుమారు వంద పౌన్ల బరువుతో లాగుతుంటాయి. స్టాండు మీంచి ఒక్కసారి పడితే చాలు. 1970లలో అక్కడ వెనకవైపు చిన్న బుడిపె, వాల్యూట్, పెట్టి బలం చేశారు. పాత రూపమే ముద్దనేవాళ్ళకి అది నచ్చలేదు. 1980ల మొదట్లో తీసేశారు. అందం కోసం మెడ పణం పెట్టడం అప్పటికే అలవాటైందన్నమాట!

విరిగిన వెంటనే, నార చెదరకముందే, మంచి జిగురు పట్టించి క్లాంపులు బిగిస్తే అతుకు చుట్టూ ఉన్న చెక్క కంటే గట్టిగా నిలుస్తుంది. నా గిటార్‌కి అంతకుముందు పనిచేసినవాడు పగులు సరిగ్గా మూయకుండానే ఎపాక్సీ పోసి, కష్టమంతా రంగు కలపడం మీద పెట్టాడు. ఆ ఎపాక్సీ గీకేసరికి నార కూడా పోయింది. చివరికి పగులుకి అడ్డంగా రెండు మహోగని బద్దలు పొదగాల్సి వచ్చింది.

ఎందుకు దాస్తారంటారా? అతుకు ఉందని చెప్పిన మరుక్షణం ధర సగానికి పడిపోతుంది కనక. నిజం చెప్పినవాడికి జరిమానా, దాచినవాడికి బహుమానం. ఈ పద్ధతి అమ్మేవాళ్ళొక్కళ్ళే పెట్టలేదు, కొనేవాళ్ళం మనమూ పెట్టాం.

ఇదే జాడ్యానికి రెండో ముఖం, అరిగిపోయిన మెట్లు మార్చనివ్వకపోవడం. నెక్ వంగింది, ట్రస్ రాడ్ చివరిదాకా బిగిసిపోయింది, మెట్లు రేకుల్లా అరిగి తీగ జరజరలాడుతోంది. అయినా “ఒరిజినల్ ఫ్రెట్స్” అని గాజు బీరువాలో పెడతారు. లియో ఫెండర్ 1950లో నెక్‌ని నాలుగు స్క్రూలతో బిగించే ఏర్పాటు చేసింది, పాడైతే విప్పి ఇంకోటి వేసుకోవడానికి కూడా. ఆ పెద్దమనిషి చేసిన వస్తువుకే ఇప్పుడు స్క్రూ విప్పితే మహాపాపం!

ఈ మాటలు వింటున్నప్పుడల్లా నాకు మా పిన్ని వీణ గుర్తొస్తుంది. బొబ్బిలి వీణ, పనస చెక్క. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపిన ముద్ద మీద ఇరవైనాలుగు మెట్లు కూర్చోబెడతారు. కొన్నేళ్ళకి మైనం ఎండి స్వరం తప్పుతుంది. అప్పుడు పనివాడొచ్చి “మేళం మళ్ళీ కట్టాలమ్మా” అనేవాడు. పాత మైనం తీసి పడేసి, కొత్త ముద్ద వేసి, ఒక్కో మెట్టూ చెవితో విని నిలబెట్టేవాడు. వీణ ఒరిజినల్ కాకుండా పోయిందని పిన్ని ఏడవలేదు. సాయంత్రం కూర్చుని వాయించుకునేది.

అలాగని అన్నీ మార్చెయ్యమనడం లేదు. మేపుల్ నెక్ మీద వేళ్ళ కింద లక్కర్ అరిగి చెక్క మాసిపోతే, అది ఎవరో ముప్ఫై ఏళ్ళు వాయించిన గుర్తు. దాని మీద కొత్త లక్కర్ కొట్టేవాణ్ణి చూస్తే నాకూ చిరాకే. సంగ్రాహకులు ఆ మాట అన్నంతవరకు వాళ్ళ పక్షమే నేను. కాని వాళ్ళు అక్కడ ఆగరు. పై మాపుకీ లోపలి పగులుకీ తేడా లేకుండా చేసేశారు.

పని పూర్తయ్యాక పెద్దాయన అడిగాడు, “బద్దలు కనబడకుండా రంగు కలపమంటారా?” అని. వద్దన్నాను. పైన పల్చగా లక్కర్ మాత్రం వేయించుకున్నాను. నెక్ వెనక లేత రంగు చారలు రెండు, ఎవరు చూసినా కనిపిస్తాయి. ఏ జిగురు వాడాడో, బద్దలు ఎంత పొడవో ఆయన చేతే కాగితం మీద రాయించి కేసులో పెట్టాను. మొన్నొకాయన చూడ్డానికొచ్చి, ఆ కాగితం చదివి, ధర సగం చెప్పి వెళ్ళిపోయాడు. నేను అమ్మడానికి పెట్టనే లేదు.