రంగు వేసే ముందు గోడను అడగండి

అమెరికాలో కారు వెనుక తగిలించుకొని లాక్కువెళ్లే ఇల్లు ఒకటుంది. దాన్ని ‘ట్రావెల్ ట్రైలర్’ అంటారు. వెడల్పు సుమారు రెండున్నర మీటర్లే. అందులోనే వంటగది, పడకలు, స్నానాల గది అన్నీ ఇమిడి ఉంటాయి. పాత ట్రైలర్ కొని, లోపలి గోడలకు తామే కొత్త రంగు వేసుకోవడం అక్కడ చాలామందికి ఇష్టమైన పని.

ఆ పని గురించి నాకొక అభిప్రాయం ఉంది. గోడ ఎందుకు పాడయిందో తెలుసుకోకుండా రంగు పూస్తే గోడ బాగుపడదు. దాని జబ్బు దాగుతుంది, అంతే. మన ఊళ్లో ట్రైలర్లు లేవు కదా, ఆ గోడల గొడవ మనకెందుకు అంటారా? పెద్ద ఇంట్లో ఏళ్ల తరబడి కనబడని తప్పు అంత చిన్న ఇంట్లో త్వరగా బయటపడుతుంది. అందుకే అది మనకు మంచి పాఠం.

ముందు ఆ గోడ దేనితో చేశారో చూద్దాం. ఇటుక, సిమెంటు వాడితే కారు లాగలేదు. అందుచేత చెక్కతోగాని, అల్యూమినియంతోగాని చట్రం కట్టి, లోపలివైపు సుమారు మూడు మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక బిగిస్తారు. పలక మీద అచ్చువేసిన కాగితమో, వినైల్ పొరో అంటించి ఉంటుంది. మనం చూసేది ఆ పైపొరను మాత్రమే.

ఈ గోడకు మొదటి శత్రువు నీరు. అది రెండు దారుల్లో వస్తుంది. ఒకటి బయటి నుంచి. ఎండకు, ప్రయాణపు కుదుపులకు కప్పు అతుకుల దగ్గర, కిటికీ అంచుల దగ్గర పూసిన మైనం వంటి పదార్థం బిరుసెక్కి పగులుతుంది. ఆ సందుల్లోంచి వాన నీరు దిగుతుంది. రెండవది లోపలి నుంచి. నలుగురు మనుషులు ఒక రాత్రి నిద్రపోతే ఊపిరి ద్వారా, చర్మం ద్వారా సుమారు లీటరు నీరు ఆవిరిగా గాలిలో కలుస్తుంది. పొయ్యి కూడా నీటిని ఇస్తుంది! 44 గ్రాముల ప్రొపేన్ పూర్తిగా మండితే 72 గ్రాముల నీరు పుడుతుంది. సమీకరణం రాసి మీరే సరిచూసుకోండి. చలిరాత్రి ఆ ఆవిరి చల్లని గోడను తాకి సాంద్రీకరణం చెందుతుంది. అల్యూమినియం మంచి ఉష్ణవాహకం కనుక చట్రం ఉన్నచోట గోడ మరింత చల్లబడి, ముందుగా అక్కడే చెమ్మ పడుతుంది. చెమ్మ నిలిచిన చోట బూజు పెరుగుతుంది, చెక్క మెత్తబడుతుంది. ఆ తడి మీద రంగు వేస్తే నీరు లోపలే చిక్కుకొని, పూత బుడగలెత్తి పెచ్చులుగా ఊడిపోతుంది. పైన పటారం, లోన లొటారం!

రెండవ శత్రువు జిగురు. ప్లైవుడ్, రంపపు పొట్టు పలకల తయారీలో యూరియా–ఫార్మాల్డిహైడ్ జిగురును విరివిగా వాడారు. వేడి, తేమ తగిలితే దానినుండి ఫార్మాల్డిహైడ్ వాయువు ఎక్కువగా వెలువడుతుంది. మీ జీవశాస్త్ర ప్రయోగశాలలో కప్పను దాచిన సీసా మూత తీస్తే ముక్కు మండించే ఫార్మలిన్ ఉంటుందే, అది ఈ వాయువును నీటిలో కరిగించినదే. ఇది మనుషులకు క్యాన్సర్ కలిగించగలదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది.

2005 ఆగస్టులో కత్రినా తుఫాను అమెరికా దక్షిణ తీరాన్ని ముంచినప్పుడు నిరాశ్రయులైన లక్షకు పైగా కుటుంబాలకు అక్కడి ప్రభుత్వం ట్రైలర్లు, తాత్కాలిక ఇళ్లు ఇచ్చింది. కొద్దికాలానికే కళ్ల మంటలు, దగ్గు, తలనొప్పి, ముక్కు నుండి రక్తం అంటూ ఫిర్యాదులు వచ్చాయి. 2007 డిసెంబరు, 2008 జనవరి నెలల్లో ప్రభుత్వ శాస్త్రజ్ఞులు 519 ఇళ్లలో గాలిని పరీక్షించారు. వంద కోట్ల భాగాల గాలిలో సగటున 77 భాగాల ఫార్మాల్డిహైడ్ తేలింది. ఒకచోట 590 కూడా ఉంది. ఆ గోడలు చూడటానికి కొత్తగా, శుభ్రంగానే ఉన్నాయని గమనించండి. కంటికి నచ్చిన గోడ ఊపిరికి మేలు చేస్తుందని నమ్మకం లేదు.

“చెప్పడం తేలిక, గోడలన్నీ పీకి కొత్తవి వేసే స్తోమత అందరికీ ఉంటుందా?” అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అన్నీ పీకనక్కరలేదు. జిగురు వాయువు ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది కనుక పొడిగా, గట్టిగా ఉన్న పాత పలకను ఉంచుకోవచ్చు. బొటనవేలితో నొక్కితే మెత్తగా దిగేచోటు మాత్రం మార్చాలి. కారే సందు మూయడానికి ఖర్చు కొద్దిపాటిదే. కిటికీ తెరవడానికి అదీ లేదు. ఇక పలకలోనే విషం ఉంటే ఆ బాధ్యత ఇంట్లో ఉండేవాడిది కాదు, తయారు చేసినవాడిది. అందుకే 2010లో అమెరికా చెక్క పలకల నుండి వెలువడే ఫార్మాల్డిహైడ్‌కు చట్టంతో హద్దు పెట్టింది. ఆ చట్టం రావడానికి ఎవరో గాలిని కొలవవలసి వచ్చింది!

కాబట్టి పనికి ఒక వరుస ఉంది. సందు మూయాలి, ఆరనివ్వాలి, నూనె జిడ్డు కడగాలి, నునుపు పొర మీద ఉప్పుకాగితంతో సన్నగా రుద్ది ప్రైమర్ వేయాలి. ఆ తరువాతే రంగు, అదీ పలుచగా రెండుసార్లు. 1978కి ముందు నాటి రంగులో సీసం ఉండవచ్చు కనుక దాన్ని పొడిగా రుద్దరాదు. రంగు ఈ వరుసలో ఆఖరిదని మరవకండి.

ఈ పాఠాన్ని మీ ఇంట్లోనే పరీక్షించవచ్చు. చెమ్మగా ఉన్న గోడ మీద జానెడు పాలిథీన్ ముక్క పెట్టి నాలుగు అంచులా టేపు అంటించండి. రెండు రోజుల తరువాత చూడండి. నీటి బొట్లు గోడవైపు ఉంటే తేమ గోడలోంచి వస్తోంది. గదివైపు ఉంటే గాలిలోంచి వస్తోంది. మొదటిదైతే నీరు వచ్చే దారి వెతకాలి, రెండవదైతే గాలి ఆడేలా చూడాలి. పండుగకు వెల్ల వేయించే ముందు మీరు చూసినది పెద్దలకు చెప్పండి. సున్నం డబ్బా తెచ్చే ముందు ఇంట్లో ఎవరో ఒకరు ఆ ప్రశ్న అడగాలి. అది మీరే ఎందుకు కాకూడదు?