బల్ల మీద సముద్రం

పిల్లలకి సెలవులిచ్చారంటే అటక మీద నుంచి క్యారమ్ బోర్డూ, చదరంగం బల్లా కిందికి దిగుతాయి. ఆడేది నాన్నా, పిల్లలూ. మరి అమ్మో? మధ్యలో వచ్చి మజ్జిగ గ్లాసులు అందించి వెళుతుంది. "నువ్వూ రా అమ్మా" అంటే "నాకవన్నీ ఎక్కడొస్తాయిరా" అనేస్తాం. అష్టాచెమ్మాలో ఎదుటివాళ్ళ కాయల్ని చంపి మన కాయల్ని పండించుకున్న చేతులే కదండీ మనవి! లెక్క, ఎత్తు, అదను చూడటం మనకి కొత్తేం కాదు.

అందుకే ఈ వారం మీకో కొత్త ఆట చెబుతాను. ఇంగ్లండు, అమెరికా వంటి దేశాల్లో పెద్దవాళ్ళు కూడా బుల్లి బుల్లి లోహపు ఓడల్ని బల్ల మీద పేర్చి, రెండున్నర వేల ఏళ్ళనాటి గ్రీకుల, రోమన్ల సముద్ర యుద్ధాల్ని మళ్ళీ ఆడుతుంటారు. బొమ్మలాట అనుకునేరు! దీనికి లావుపాటి రూల్స్ పుస్తకాలున్నాయి. ఇంగ్లండులో ఫ్రెడ్ జేన్ 1898 లోనే తన కాలపు యుద్ధనౌకలతో ఇలాంటి ఆటకి రూల్స్ తయారుచేశాడు. ప్రసిద్ధ రచయిత హెచ్.జి. వెల్స్ 1913 లో బొమ్మ సైనికుల ఆట మీద 'లిటిల్ వార్స్' అనే పుస్తకం రాశాడు. ఈ ఆట పన్నెండేళ్ళ నుంచి నూటయాభై ఏళ్ళ దాకా మగపిల్లలందరికీ అట! ఆడపిల్లల్లో మాత్రం మగపిల్లల ఆటలంటే ఇష్టపడే తెలివైనవాళ్ళకేనట! అంటే తక్కినవాళ్ళకి బుర్ర లేదనా ఆయనగారి ఉద్దేశం? పోనివ్వండి, ఆ సంగతి మనమే తేలుద్దాం.

ముందు ఓడ సంగతి తెలిస్తే రూల్స్ సగం వచ్చినట్టే. ఆనాటి గ్రీకు యుద్ధనౌకని ట్రైరీమ్ అంటారు. పొడవు సుమారు 37 మీటర్లు. మూడు వరసల్లో 170 మంది కూర్చుని తెడ్లు వేసేవాళ్ళు. సైనికులూ, తక్కిన సిబ్బందీ కలిసి మొత్తం 200 మంది. ముందు భాగంలో, నీటి మట్టం దగ్గర, పొడుచుకొచ్చిన కంచు ముక్కు ఉండేది. ఫిరంగులు లేని కాలం కదా, ఓడే ఆయుధం. జోరుగా వెళ్ళి ఎదుటి ఓడని పక్కలో కుమ్మడమే యుద్ధం. తెరచాపల్ని చాలాసార్లు ఒడ్డునే వదిలేసేవాళ్ళు. అంటే నడిచేదంతా మనుషుల రెక్కల బలం మీదే. 1987 లో గ్రీసులో 'ఒలింపియాస్' అనే పేరుతో అచ్చు అలాంటి ఓడనే కట్టి నీళ్ళలోకి దింపారు. ఆడా మగా కలిసి తెడ్లు వేస్తే 9 నాట్ల వేగం అందుకుంది. కాకపోతే ఆ జోరు కాసేపే!

ఇప్పుడు ఆట. లోహపు ఓడలు కొననక్కర్లేదు. పాత అట్టపెట్టె కత్తిరించి నాలుగు సెంటీమీటర్ల పొడవు, రెండు సెంటీమీటర్ల వెడల్పు ముక్కలు చేసుకోండి. ఒక కొసన బాణం గుర్తు వేస్తే అదే కంచు ముక్కు. నీలం దుప్పటి సముద్రం. ఒక స్కేలు, ఒక పాచిక, గుప్పెడు చింతపిక్కలు చాలు. మొదటిరోజు ఒక్కొక్కరికి రెండేసి ఓడలు మించవద్దు.

ఒక్కో ఓడకి ఆరు చింతపిక్కలివ్వండి. అవి తెడ్డు వేసేవాళ్ళ దమ్ము. మెల్లగా 5 సెంటీమీటర్లు నడిస్తే ఖర్చు లేదు. జోరుగా 10 సెంటీమీటర్లు వెళితే ఒక పిక్క పోతుంది. కుమ్మడానికి 15 సెంటీమీటర్లు దూసుకెళితే రెండు పోతాయి. కదలకుండా ఆగితే ఒకటి తిరిగొస్తుంది. పిక్కలు అయిపోయాయా, ఇక మెల్లగా నడవాల్సిందే. ప్రతి 5 సెంటీమీటర్లకీ ఒకసారి, మూలమట్టంలో సగం దాకా తిరగవచ్చు.

ఎవరు ముందు కదలాలన్న తగాదా లేకుండా ఇద్దరూ ఏం చేయబోతున్నారో చీటీల మీద రాసి, ఒకేసారి తెరిచి, 5 సెంటీమీటర్ల చొప్పున కలిసి జరపాలి. జోరుగానో, దూసుకెళ్తూనో పక్కనుంచి గానీ వెనకనుంచి గానీ తగిలితే పాచిక వేయండి. మూడు, ఆపైన పడితే ఎదుటి ఓడ పోయినట్టే. ముక్కూ ముక్కూ గుద్దుకుంటే ఇద్దరూ వేయాలి, ఆరు వేసినవాళ్ళు ఎదుటి ఓడని తీసేస్తారు. పక్కగా రాసుకుంటూ వెళితే అయిదో ఆరో పడినప్పుడు ఎదుటి తెడ్లు విరుగుతాయి, ఆ ఓడ ఇక మెల్లగానే కదులుతుంది. ఎదుటి ఓడ మీదికి సైనికులు దూకే రూల్స్ రెండోరోజుకి ఉంచుకోండి. అన్నీ ఒకేరోజు నేర్చుకోవాలనుకుంటే తలనొప్పి తప్ప ఏమీ రాదు.

రెండాటలు ఆడేసరికి మీకే తెలుస్తుంది, ఓడిపోయేది బలం లేక కాదు, తిరగడానికి చోటు లేక. క్రీ.పూ. 480 లో సలామిస్ దగ్గర జరిగిందదే. పర్షియా చక్రవర్తి జెర్క్సీజ్ ఓడలు ఎక్కువై, ఇరుకు నీళ్ళలో ఒకదానికొకటి అడ్డం పడ్డాయి. ఆ పక్షాన అయిదు ఓడలు నడిపింది హాలికార్నసస్ రాణి ఆర్టెమీసియా. భర్త పోయాక రాజ్యం చూసుకుంటున్న మనిషి. అక్కడ యుద్ధం వద్దని ముందే చెప్పింది, చక్రవర్తి వినలేదు. ఏథెన్స్ వాళ్ళు ఆమెని పట్టిచ్చినవాళ్ళకి పదివేల ద్రాక్మాలు ప్రకటించారు. వెనక శత్రువు తరుముతుంటే, ముందు దారికడ్డంగా తమవాళ్ళ ఓడే ఉంది. దాన్నే కుమ్మి ముంచేసింది! తరిమేవాడు ఆమెని తనవైపు మనిషే అనుకుని వదిలేశాడు. చక్రవర్తేమో శత్రువుని ముంచిందనుకుని మెచ్చుకున్నాడు. చరిత్రకారుడు హెరొడోటస్ చెప్పిన కథ ఇది. తెలివి అనాలా, పాపం అనాలా? ఆ మునిగిన ఓడలో ఒక్కరూ మిగల్లేదు మరి. బల్ల మీద అట్టముక్క తీసి పక్కన పెట్టేటప్పుడు అది రెండు వందల మంది అని పిల్లలకి ఒక్కమాట చెప్పండి.

ఇక మనం తప్పకుండా గుర్తుపెట్టుకోవలసిన యుద్ధం ఇంకొకటుంది. క్రీ.పూ. 405 లో ఈగోస్పొటామీ అనే చోట ఏథెన్స్ నౌకాదళం ఒడ్డుకి చేరింది. దగ్గర్లో ఊరు లేదు, సంత లేదు. ఇరుకు ఓడల్లో సరుకులు దాచుకునే చోటూ లేదు. రోజూ తిండి వెతుక్కుంటూ సిబ్బంది దూరాలకి పోతున్నారు. సెస్టాస్ రేవుకి మారండి, అక్కడ సరుకులు దొరుకుతాయని ఆల్సిబయాడీస్ చెప్పినా సేనాపతులు చెవిన పెట్టలేదు. అయిదోరోజు వాళ్ళలా చెదిరి ఉన్న అదను చూసి స్పార్టా నాయకుడు లైసాండర్ వచ్చి పడ్డాడు. నూటయాభైకి పైగా ఓడలు దాదాపు పోరాటమే లేకుండా చిక్కాయి. మరుసటి ఏడాది ఏథెన్స్ లొంగిపోయింది.

ఉప్పూ పప్పూ ఎక్కణ్ణుంచి వస్తాయో ముందు చూసుకోకపోతే సామ్రాజ్యాలే కూలతాయన్నమాట. నెల సరుకుల జాబితా రాసే మనకి ఈ ఆట రాదని ఎవరన్నా అంటే, ఒక పాచిక వాళ్ళ చేతికిచ్చి ఎదురుగా కూర్చోండి.