ముందు పళ్ళు ఎన్నుండాలి?

చీరాల నుంచి వాడరేవు దాకా దారంతా బల్లపరుపే. అందుకే ఇక్కడ ఎలక్ట్రిక్‌ మౌంటెన్‌ బైక్‌ కొనేవారికి, పెడల్స్‌ దగ్గరి పళ్ళచక్రం ఎంత పెద్దదైతే అంత వేగం అనిపిస్తుంది. నిజానికి అంత అవసరం లేదు!

ఈ బైకులకు ముందు 32 లేదా 34 పళ్ళు ఉండటం మామూలే. ముందు 34, వెనుక 17 పళ్ళుంటే, పెడల్‌ ఒక చుట్టు తిరిగేసరికి టైరు రెండు చుట్లు తిరుగుతుంది. 29 అంగుళాల టైర్లతో నిమిషానికి 80 చుట్లు తొక్కితే గంటకు సుమారు 22 కిలోమీటర్ల వేగం! మనదేశంలో రిజిస్ట్రేషన్‌ అక్కర్లేని ఈ-సైకిళ్ళ వేగం 25 కిలోమీటర్లలోపే ఉండాలి. అది దాటాక మోటారు సాయం ఉండదు, భారమంతా కాళ్ళదే. కాబట్టి చదును దారికి 34 చాలు. కోటప్పకొండ ఘాట్‌ ఎక్కే సరదా కూడా ఉంటే 32 మేలు.

అసలు పరీక్ష తీరంలోని ఇసుక. మోటారు పెడల్స్‌ దగ్గరే ఉండే బైకుల్లో దాని బలం కూడా చెయిన్‌ మీదుగానే వెళ్తుంది. అందుకే ఇసుకలో దిగకముందే వెనుక పెద్ద పళ్ళచక్రానికి మార్చుకోవాలి. చిన్నదాంతోనే లాగిస్తే మోటారు వేడెక్కుతుంది, బ్యాటరీ త్వరగా ఖర్చవుతుంది, చెయిన్‌ అరుగుతుంది.

ఉప్పుగాలికి తుప్పూ పడుతుంది. ఇంటికి రాగానే చెయిన్‌ను మంచినీళ్ళతో తుడిచి, ఆరాక నూనె వేయడం మరచిపోకండి.